గడియారము – శరణాగతి

భగవద్గీత పదవ అధ్యాయమున శ్రీకృష్ణ పరమాత్మ తన విభూతులను వివరించుచు, లెక్కించువారిలో తాను కాలమునని అర్జునునకు తెలిపెను. శ్రీ విష్ణు సహస్రనామములలో ‘కాలః’ అను నామము కూడ కలదు. కాలము భగవత్స్వరూపమైనప్పుడు దానిని కొలుచు సాధనము అల్పవస్తువు కానేరదు. పూజాద్రవ్యములను ఎంచుకొనునప్పుడు చూపు శ్రద్ధ గడియారము విషయమున కూడ చూపదగినదే. ఇంటికి ఒక గడియారమును తెచ్చుకొనుట తేలిక. ఒక పెద్ద భవనములో ఇరువది చోట్ల ఒకే వేళను చూపు గడియారముల ఏర్పాటును ఎంచుకొనుట మాత్రము తేలిక కాదు. అందులో యంత్రశాస్త్రముతో పాటు ఒక ధర్మప్రశ్న ఇమిడియున్నది. ఒకటి చెప్పినట్లు తక్కినవన్నియు నడువవలెనన్నచో, ఆ ఒక్కటి ఎవరి మాట వినవలెను?

నెల్లూరు నుండి పెన్న దాటి, కోవూరు మీదుగా తూర్పు తీరము వైపు సాగినచో విడవలూరు వచ్చును. పెన్న డెల్టా వరిచేలు, వాటికి ఆవల రొయ్యల చెరువులు, ఆపైన బంగాళాఖాతము. ఆ మండలములోనే కడలి ఒడ్డున రామతీర్థము, అచ్చట కామాక్షీ సమేత శ్రీ రామలింగేశ్వరస్వామి వారి ఆలయము కలవు. ఈ సీమలో ఒక్కొక్క వృత్తికి ఒక్కొక్క కాలము. వేటకు పోవు మత్స్యకారునకు గాలియు, సముద్రపు పోటుపాటులును గడియారము. రైతునకు కాలువ నీటి వంతు గడియారము. రొయ్యల చెరువు కాపలాదారునకు తెల్లవారుజాము గడియారము. ఏలయన ఆ వేళకు చెరువు నీటిలో ప్రాణవాయువు మిక్కిలి తగ్గును, ఏరేటర్లు తిరుగకున్నచో పంట అంతయు ఒక్క రాత్రిలో పోవును. అర్చకునకు సూర్యోదయమే గడియారము. ఎవరి కాలము వారిదిగా ఉన్నంతవరకు చిక్కు లేదు. వీరందరును ఒకే కప్పు క్రిందకు చేరిన నాడు చిక్కు మొదలగును.

అట్టి ఊరిలో యాత్రికుల కొరకు ఒక పెద్ద సత్రము వెలసినదని ఊహించుకొనవచ్చును. మూడంతస్తులు, నలుబది గదులు, వంటశాల, అన్నదానశాల, కల్యాణమండపము, కార్యాలయము, చిన్న వైద్యశాల. భక్తులు ఒక్కొక్కరు ఒక్కొక్క గోడ గడియారమును, అంకెల క్రింద తమ తల్లిదండ్రుల పేర్లు వ్రాయించి, సమర్పించిరి. కొన్ని నెలలు తిరుగునప్పటికి ఇరువది గడియారములు ఇరువది మాటలు చెప్పసాగును. వంటశాలది ఐదు నిమిషములు ముందు, అన్నదానశాలది నాలుగు నిమిషములు వెనుక, కార్యాలయపుది మరొక తీరు. క్వార్ట్జ్ స్ఫటికము సెకనుకు 32,768 మారులు కంపించి కాలమును కొలుచును. అయినను వేడిమిని బట్టి, వయస్సును బట్టి సాధారణమైన గడియారము నెలకు పదిహేను సెకనుల వరకు తప్పవచ్చును. మనిషి చేతితో ముల్లు త్రిప్పునప్పుడు జరుగు పొరపాటు దానికి తోడగును.

ఇది నవ్వి ఊరకుండదగిన సంగతి కాదు. గడియారము తప్పినప్పుడు ఆ తప్పు యొక్క బరువు ఎవరి మీద పడునో చూడవలెను. కలిగినవాని చేతికి తన గడియారము కలదు. వేళ మించినదని ద్వారము మూసినచో గట్టిగా అడుగుటకు నోరును కలదు. చివరి బస్సు దిగి, బిడ్డను చంకనెత్తుకొని, ఇంకను ఐదు నిమిషములున్నవని నమ్మి పరుగెత్తి వచ్చిన తల్లికి అవి రెండును లేవు. ఊడ్చు మనిషి ఆలస్యముగా వచ్చినదని కూలి కోయునది కార్యాలయపు గడియారము. ఆమె బయలుదేరినది తన ఇంటి గడియారమును చూచి. కల్యాణమండపములో జీలకఱ్ఱ బెల్లము పెట్టు క్షణము, వైద్యశాలలో శిశువు జన్మించిన క్షణము గడియారమును చూచియే వ్రాయబడును. ఆ అంకెల మీద ఒక జాతకము, ఒక జీవితపు నమ్మకము నిలుచును. తప్పుడు తూకము పాపమని పెద్దలందరును చెప్పుదురు. తప్పుడు వేళ కూడ తప్పుడు తూకమే; దానితో తూచబడునది ధాన్యము గాక మనిషి ఆయుస్సు.

కావున గడియారములన్నియు ఒక్క మాట మీద నడువవలెననుట న్యాయమే. ఈ కోరిక క్రొత్తది కాదు. తిరుమలలో శ్రీవారికి నివేదన జరుగునప్పుడు మ్రోగు ఘంటానాదమును, వరుసగా కట్టిన ఘంటామండపముల ద్వారా చంద్రగిరి దుర్గము వరకు చేరవేయుచుండిరనియు, అది చెవిని పడిన తరువాతనే రాజు భోజనమునకు కూర్చొనెడివాడనియు ప్రతీతి. ఇందు చూడదగిన విశేషము రాజభక్తి మాత్రమే కాదు. ప్రతి మండపములోను ఒక మనిషి నిలిచియుండవలెను. అతడు పై మండపపు ఘంటను వినవలెను, విన్న పిమ్మటనే తన ఘంటను మ్రోగింపవలెను. నడుమ ఒకడు నిద్రించినచో రాజు ఆకలితో ఉండును. నడుమ ఒకడు వినకయే మ్రోగించినచో, స్వామికి నివేదన జరుగక మునుపే రాజు భుజించును. ఆ దోషము రాజునకు తెలియను కూడ తెలియదు. రాజు యొక్క వ్రతము అంతయు పేరు తెలియని ఒక ఘంట కొట్టువాని నిజాయితీ మీద ఆధారపడియుండెను.

ఇచ్చటనే అసలు ప్రశ్న ఎదురగును. ఇరువది గడియారములు ఇరువది రకములుగా చూపుట మేలా? లేక ఇరువదియును ఒకే తప్పును చూపుట మేలా? మొదటి స్థితిలో గందరగోళము కలదు. అయితే ఆ గందరగోళమే హెచ్చరిక. రెండు గడియారములు విభేదించినప్పుడు చూచువాడు సందేహించును, మూడవవానిని అడుగును. రెండవ స్థితిలో సందేహమునకే చోటు లేదు. తప్పు అంతట ఒకే రూపమున కనబడుటచే సత్యము వేషమును ధరించును. భిన్నత్వములో తప్పు దాగలేదు, ఏకత్వములో దాగగలదు. కావున ఏకత్వమును కోరువారు తలపైనున్న ఒక్కదాని విషయమున ఇరువది రెట్లు జాగరూకులై ఉండవలెను. ఇది గడియారములకే గాక కుటుంబమునకు, సంఘమునకు, ధర్మసంస్థకు కూడ వర్తించును.

పెద్ద భవనముల కొరకు శాస్త్రజ్ఞులు కల్పించిన పద్ధతులు ముఖ్యముగా రెండు. మొదటి పద్ధతిలో ఒక ప్రధాన గడియారము ఉండును. గోడల మీదనున్నవి దానికి అనుచరములు. ప్రధాన గడియారము అర నిమిషమునకో, నిమిషమునకో ఒక మారు తీగ గుండ విద్యుత్తును పంపును. ప్రతి అనుచరములోను ఒక విద్యుదయస్కాంతము పండ్లచక్రమును ఒక్క పన్ను ముందునకు నెట్టును. అనుచరమునకు లోలకము లేదు, తన లయ అనునది లేదు. పంపినంతనే కదలును, పంపకున్న నిలిచిపోవును. రెండవ పద్ధతిలో ప్రతి గడియారమునకును తనదైన స్ఫటికము, తనదైన బ్యాటరీ ఉండును. అది తన లయతో తాను నడుచును. అయితే నిర్ణీత సమయమున ప్రధాన గడియారము నుండి సంకేతము వచ్చినప్పుడు తన తప్పును దిద్దుకొనును.

శ్రీవైష్ణవ సంప్రదాయమున శరణాగతిని గూర్చి చెప్పునప్పుడు పెద్దలు రెండు న్యాయములను ఉదాహరింతురు. పిల్లిపిల్ల ఏ ప్రయత్నమును చేయదు. తల్లియే దానిని నోట కరచి తీసికొనిపోవును. ఇది మార్జాలకిశోర న్యాయము. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకొనును. తల్లి దుముకును, పిల్ల పట్టు విడువదు. ఇది మర్కటకిశోర న్యాయము. మొదటి పద్ధతి గడియారము పిల్లిపిల్ల వంటిది. రెండవది కోతిపిల్ల వంటిది. వీనిలో ఏది శ్రేష్ఠమను చర్చ తరతరములుగా సాగినది. భగవంతుని విషయమున ఆ చర్చను ఆచార్యులకే విడువవలెను. గడియారముల విషయమున మాత్రము ఈ తీరమే సమాధానము చెప్పుచున్నది.

1989 నవంబరులో ఒక పెనుతుపాను కావలి వద్ద తీరమును దాటెను. అట్టి తుపానులలో స్తంభములు కూలును, తీగలు తెగును, దినముల తరబడి విద్యుత్తు రాదు. తుపాను లేనినాడు కూడ ఉప్పుగాలి ఊరుకొనదు; ఇత్తడి తీగకొనలను పచ్చబరచి మెల్లమెల్లగా తినివేయును. తీగ తెగినంతనే మొదటి పద్ధతిలోని ఇరువది గడియారములును ఒక్కమారుగా మృతప్రాయములగును. తుపాను రాత్రి సత్రములో తలదాచుకొన్నవారికి, వైద్యశాలలో మందు వేళను చూచువానికి, అవి ఆగిన క్షణమునే పదే పదే చూపుచుండును. రెండవ పద్ధతి గడియారములు యజమాని మాట వినబడకున్నను తమ లయను విడువవు. రెండు మూడు వారములలో కొన్ని సెకనులు తప్పవచ్చును. తీగ మరల కలిసిన నాడు ఆ కొద్ది తప్పును ఒప్పుకొని సరిదిద్దుకొనును.

దీని నుండి తేలిన ధర్మము ఇది. పిల్లిపిల్ల వలె తన్ను తాను సంపూర్ణముగా విడుచుట, ఎన్నడును జారవిడువని తల్లి యెడలనే తగును. కృప తెగదు, తీగ తెగును. భగవంతునికి సర్వసమర్పణము చేసినవాడు ధన్యుడు. అదే సమర్పణమును మనిషికో, మనిషి చేసిన వ్యవస్థకో చేసినవాడు తన బుద్ధిని అప్పగించి చిక్కులో పడును. పెద్దల మాట వినవలెను, అధికారికి విధేయుడై ఉండవలెను, గురువు చూపిన బాటలో నడువవలెను. అయితే లోపలి లయను ఆర్పివేసికొని మాత్రము కాదు. విధేయత అనగా దిద్దుబాటును అంగీకరించుట. ప్రాణము లేకుండుట కాదు.

ఇక ప్రధాన గడియారము సంగతి. అది ఎవరికి తల వంచవలెను? సూర్యునికనుట మొదటి సమాధానము. ఒకప్పుడు ప్రతి ఊరికి తన సూర్యుడే ప్రమాణము. ఈస్టిండియా కంపెనీ 1792లో మద్రాసులో స్థాపించిన వేధశాల కాలము తరువాత తరువాత దేశములోని రైల్వేలకు ప్రమాణమైనది. నెల్లూరు సీమ రేఖాంశము మద్రాసునకు మిక్కిలి దగ్గర. కావున నాటి మద్రాసు కాలము ఈ తీరమునకు ఇంచుమించు తన సూర్యుని కాలమే. 1906 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన భారత ప్రామాణిక కాలము తూర్పు రేఖాంశము 82½ డిగ్రీల మీద ఆధారపడినది. ఆ రేఖ కాకినాడ సమీపముగా పోవును. విడవలూరు దానికి పడమట సుమారు రెండున్నర డిగ్రీల దూరమున ఉన్నది. డిగ్రీకి నాలుగు నిమిషముల చొప్పున సుమారు పది నిమిషముల తేడా. అనగా సత్రములోని గడియారము పండ్రెండు కొట్టిన పిమ్మట సగటున పది నిమిషములకు గాని సూర్యుడు విడవలూరు నడినెత్తికి రాడు.

అట్లని గడియారము అబద్ధమాడినదనరాదు. అది కోట్లమంది కలిసి నడచుటకు చేసికొన్న ఒడంబడిక. వేదాంతులు దీనినే వ్యావహారిక సత్యమందురు. రైలునకు, బడికి, వైద్యశాలకు అదియే ప్రమాణము. సంధ్యావందనమునకు, తిథి నిర్ణయమునకు మాత్రము పంచాంగకర్తలు ఆయా స్థలముల సూర్యోదయమునే గైకొందురు. ఆలయ సంబంధమైన భవనమునకు ఈ రెండు కాలములును కావలెను. కావున గోడ మీద గడియారముతో పాటు ఆ దినపు సూర్యోదయాస్తమయములను వ్రాసిన ఒక పలక ఉండుట యుక్తము. ఒడంబడికను పరమసత్యమని భ్రమించుట ఒక తప్పు. పరమసత్యము పేరు చెప్పి ఒడంబడికను మీరుట మరొక తప్పు.

నేడు పెద్ద భవనముల ప్రధాన గడియారము తన కాలమును ఆకాశము నుండి తెచ్చుకొనును. కప్పు మీద ఒక చిన్న యాంటెన్నా ఉపగ్రహముల సంకేతమును గ్రహించును. ఆ ఉపగ్రహములలో పరమాణు గడియారములుండును. విడవలూరు తీరమునకు దక్షిణముగా, అదే కడలి ఒడ్డున ఉన్న శ్రీహరికోట నుండి 2013 జులై 1న భారతదేశపు మొదటి దిక్సూచక ఉపగ్రహము ఐ.ఆర్.ఎన్.ఎస్.ఎస్.–1ఎ పైకెగసినది. అందులోని మూడు రుబీడియం గడియారములును విఫలమైనవని 2017 జనవరిలో వెల్లడి అయ్యెను. ఉపగ్రహము ఆకాశములోనే ఉన్నది, కక్ష్యలోనే తిరుగుచున్నది. కాలము తప్పుటచే స్థానమును చెప్పు శక్తిని మాత్రము కోల్పోయినది. ఎత్తైన చోట నిలిచినంత మాత్రమున ప్రమాణము కాలేరనుటకు ఇంతకన్న నిదర్శనమేమి? మన శాస్త్రజ్ఞులు అంతటితో నిరాశ చెందలేదు. స్వదేశమున తయారు చేసిన రుబీడియం గడియారమును 2023 మే 29న అదే శ్రీహరికోట నుండి ఎన్.వి.ఎస్.–01 ఉపగ్రహములో పంపిరి.

మరి లోకమునకంతటికి పెద్ద గడియారము ఏది? విచారించి చూచినచో అట్టి ఒక్క గడియారము లేనేలేదు. అనేక దేశముల ప్రయోగశాలలలోని నాలుగు వందలకు పైగా పరమాణు గడియారముల లెక్కలను ఫ్రాన్సులోని అంతర్జాతీయ కొలమానముల సంస్థ సేకరించి, స్థిరముగా నడిచినదానికి ఎక్కువ విలువను, తడబడినదానికి తక్కువ విలువను ఇచ్చి, అందరికిని ఒక సగటును నిర్ణయించును. పండితసభలో అనుభవజ్ఞుల మాటకు బరువెక్కువ, అయినను ఏ ఒక్కరి మాటయు తుదిమాట కాదు గదా, ఇదియును అట్టిదే. భూమి కూడ సమముగా తిరుగుట లేదు. దానితో పొత్తు కుదుర్చుటకు 1972 నుండి 2016 వరకు 27 మారులు ఒక్కొక్క సెకనును కాలమునకు కలుపవలసి వచ్చెను. భూమియే దిద్దుబాటునకు లోనైనప్పుడు, తనకు దిద్దుబాటు అక్కరలేదను మనిషి ఎంతటివాడు!

పరమాణు గడియారములు రాకమునుపు లోకమున మిక్కిలి కచ్చితముగా నడిచిన లోలక గడియారమును విలియం హామిల్టన్ షార్ట్ అను రైల్వే ఇంజనీరు రూపొందించెను. అది 1921లో ఎడిన్‌బరో వేధశాలలో నెలకొనెను. దానికి రెండు లోలకములు. ఒకటి గాలి తీసివేసిన పాత్రలో, ఏ పనియు లేక, నిశ్చింతగా ఊగుచుండును. రెండవది పని అంతయు చేయును. లెక్కించును, ముళ్లను త్రిప్పును. ఈ పనివాని లోలకమును బుద్ధిపూర్వకముగనే కొంచెము మందముగా నడుచునట్లు అమర్చిరి. అర నిమిషమునకొక మారు అది మొదటి లోలకముతో తన్ను సరిచూచుకొనును. వెనుకబడియున్నచో ఒక చిన్న త్రోపుతో ముందునకు జరుగును. ఈ విధముగా ఏడాదికి సుమారు ఒక్క సెకను తేడాతో అది నడచెను. ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీదనున్న రెండు పక్షుల ప్రసక్తి కలదు. ఒకటి ఫలములను తినును, రెండవది ఊరక చూచుచుండును. షార్ట్ ఆ ఉపనిషత్తును ఎరుగకపోవచ్చును. పని చేయువాడు తప్పకుండుటకు, పనికి అంటని సాక్షి వైపు మాటిమాటికి చూడవలెనన్న సూత్రము మాత్రము రెండు చోట్లను ఒక్కటే.

ఇప్పుడు సత్రములోనికి మరలి వచ్చి చూడవచ్చును. ధర్మకర్తలు ఎంచుకొనదగినది తన లయ గల గడియారములనే. వానిని దిద్దు ప్రధాన గడియారమునకు ఉపగ్రహ సంకేతమును, విద్యుత్తు పోయినను కొన్ని దినములు నడుచు శక్తియును ఉండవలెను. వీనితో పాటు, దినమునకొక మారు అన్ని గడియారములను తిరిగి చూచి, తప్పినదానిని పుస్తకములో వ్రాయు ఒక మనిషి కూడ ఉండవలెను. పూర్వము పెండ్లిపందిరిలో నీటి తొట్టిలో తేలు గడియకుడుక ప్రక్కన రెప్ప వాల్చక కూర్చొన్నవాడు చేసినది ఆ పనియే. ఎంత గొప్ప యంత్రమును కొన్నను ఆ ఉద్యోగమును తీసివేయరాదు. ద్వారము మూయువానికి ఒక నియమము కూడ అవసరము: గడియారముల మధ్య సందేహము వచ్చిన నాడు, ఆ సందేహపు ఫలము వచ్చినవారికే చెందవలెను గాని భవనమునకు చెందరాదు.

సూర్యసిద్ధాంతము కాలగణనమును మనిషి శ్వాసతో మొదలుపెట్టినది. ఆరు శ్వాసలు ఒక విఘడియ, అరువది విఘడియలు ఒక గడియ, అరువది గడియలు ఒక అహోరాత్రము. లెక్కించి చూచినచో దినమునకు 21,600 శ్వాసలు. యోగశాస్త్రము చెప్పు అజపాజపము సంఖ్యయు అదియే. ధనికుడు గాని దరిద్రుడు గాని, ధర్మకర్త గాని ఊడ్చు మనిషి గాని, పుట్టునప్పుడే ఈ గడియారముతో పుట్టినారు. లోలకము లేని అనుచరముగా భగవంతుడు ఎవరిని సృజింపలేదు. గోడ మీది గడియారము ఒక మనిషిని నిలిపి, ఆలస్యమైనదని తిప్పి పంపునప్పుడు, ఆ మనిషి రొమ్ములో కూడ కాలస్వరూపుడే లెక్కించుచున్నాడని తలచువాడే గడియారమును సమర్పించుటకును, దానిని సరిదిద్దుటకును అర్హుడు.